పై కడుపు ధమనుల దారులు: పుస్తకంలో ఒకలా, మనిషిలో ఒకలా

అందరికీ నమస్కారం. కాలేయం, జీర్ణాశయం, ప్లీహం, క్లోమం, గాల్‌బ్లాడర్‌లకు రక్తం తెచ్చే ధమనులు మనిషికీ మనిషికీ ఎలా మారుతాయో, ఆ మార్పు తెలియకపోతే ఎక్కడ దెబ్బ తింటామో ఇవాళ చెప్పుకుందాం. సర్జరీ, రేడియాలజీ పీజీలతో పాటు థియేటర్ నర్సులు, సీటీ టెక్నీషియన్లు కూడా ఉన్నారు కాబట్టి తెలుగులోనే మాట్లాడతాను. పేర్లు మాత్రం థియేటర్లో మనం రోజూ పిలుచుకునేవే.

ధమని ఎక్కడ పుట్టిందన్నది అనాటమీ పరీక్షలో ప్రశ్న. అది ఎటు నుంచి పోతోందన్నది కత్తి పట్టుకున్నవాళ్ల ప్రశ్న. పరీక్షలో మొదటిదే అడుగుతారు కనక టైపు నంబర్లు బట్టీపట్టి, రెండోదాన్ని వదిలేస్తుంటాం. తెగేది మాత్రం దారిలోనే.

మామూలు బొమ్మ ఒకసారి గుర్తు చేసుకుందాం. బృహద్ధమని డయాఫ్రమ్ దాటి కడుపులోకి దిగీ దిగగానే, 12వ ఛాతీ వెన్నుపూసకూ మొదటి నడుం వెన్నుపూసకూ మధ్య ఎత్తులో, ముందువైపు నుంచి పొట్టిగా, లావుగా ఒక కాండం పుడుతుంది. అదే సీలియాక్ ట్రంక్. సాధారణంగా ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల పొడవుంటుంది. అందులోంచి జీర్ణాశయానికి లెఫ్ట్ గ్యాస్ట్రిక్, ప్లీహానికి స్ప్లీనిక్, కాలేయానికి కామన్ హెపాటిక్ అని మూడు కొమ్మలు వస్తాయి. 1756లో హాలర్ దీన్ని ముక్కాలి పీటలా వర్ణించాడు, ఆ పేరే ఇప్పటికీ నడుస్తోంది. దానికి సెంటీమీటరు దిగువన పేగులకు రక్తం ఇచ్చే సుపీరియర్ మెసెంటరిక్ ధమని, మనం ఎస్‌ఎంఏ అనేది, పుడుతుంది. కామన్ హెపాటిక్ క్లోమం పై అంచు వెంబడి కుడికి వెళ్లి, జీర్ణాశయం కొసకూ చిన్నపేగు మొదలుకూ పోయే గ్యాస్ట్రోడుయోడినల్ కొమ్మనిచ్చి, పైకి తిరిగి కాలేయం వైపు పోతుంది. హెపటోడుయోడినల్ లిగమెంట్‌లో, అంటే చిన్నపేగు మొదలు నుంచి కాలేయానికి పోయే పొర మడతలో, ముందువైపు కుడి పక్క పిత్తనాళం, ఎడమ పక్క ధమని, రెండింటి వెనకా పేగుల రక్తాన్ని కాలేయానికి తెచ్చే పోర్టల్ సిర. ఈ అమరికను బాగా గుర్తుంచుకోండి, ఇక చెప్పేదంతా ఇది తప్పిన సందర్భాల గురించే.

ఎందుకు తప్పుతుంది? పిండంలో బృహద్ధమని ముందువైపు నుంచి పేగుకు నిచ్చెన మెట్లలా వరుసగా ధమనులు వస్తాయి. వాటిని నిలువుగా కలుపుతూ ఒక గొలుసు ఉంటుంది. 1904లో టాండ్లర్ ఇచ్చిన వివరణ ప్రకారం ఆ వరుసలో 10 నుంచి 13 దాకా ఉన్న నాలుగు వేర్లలో మధ్య రెండూ మాయమవుతాయి, మొదటిదీ చివరిదీ మిగులుతాయి. జీర్ణాశయానికి, ప్లీహానికి, కాలేయానికి పోయే కొమ్మలు నిలువు గొలుసు మీదే ఉంటాయి. మూడో కొమ్మకు దిగువన గొలుసు తెగితే మామూలు ముక్కాలి పీట. కాస్త పైన తెగితే కాలేయం కొమ్మ ఎస్‌ఎంఏ పాలవుతుంది. అసలు తెగకపోతే సీలియాక్, ఎస్‌ఎంఏ రెండూ ఒకే కాండంగా ఉండిపోతాయి. తెగాల్సిన చోట సన్నటి వంతెనలా మిగిలిపోతే అది బూలర్ ఆర్క్.

కాలేయం సంగతి కాస్త వేరు. పిండదశలో దానికి మూడు వైపుల నుంచి ధమనులు ఉంటాయి: ఎడమ భాగానికి లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి, మధ్యకు కామన్ హెపాటిక్ నుంచి, కుడి భాగానికి ఎస్‌ఎంఏ నుంచి. మధ్యది పెరిగి మొత్తం బాధ్యత తీసుకుంటుంది, పక్కవి రెండూ ఎండిపోతాయి. కొందరిలో ఎండిపోవు. అందుకే మనకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే తేడాలు రెండే: ఎడమ హెపాటిక్ లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి రావడం, కుడి హెపాటిక్ ఎస్‌ఎంఏ నుంచి రావడం. మిగతావన్నీ వీటి కలయికలో, అరుదైన విడ్డూరాలో.

అంకెల దగ్గర ఎక్కువసేపు ఆగను. అమెరికాలో నికొలస్ మైకెల్స్ 200 శవాలు కోసి చూసి పది టైపులు చేశాడు. పుస్తకంలో ఉన్న మామూలు బొమ్మ ఆయనకు కనిపించింది 55 శాతం మందిలోనే. 1994లో హయాట్ బృందం 1000 దాత కాలేయాల లెక్క ఇచ్చింది. అందులో మామూలు అమరిక 75.7 శాతం, లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి ఎడమ హెపాటిక్ 9.7 శాతం, ఎస్‌ఎంఏ నుంచి కుడి హెపాటిక్ 10.6 శాతం, రెండూ ఉన్నవి 2.3 శాతం, కామన్ హెపాటిక్ మొత్తంగా ఎస్‌ఎంఏ నుంచి వచ్చినవి 1.5 శాతం. 55కీ 75కీ ఇంత తేడా ఏమిటని అడగొచ్చు. సన్నటి అదనపు కొమ్మలను కూడా లెక్కలో కలుపుతున్నామా లేదా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. 2010లో కొరియా నుంచి సాంగ్ బృందం 5002 మంది స్కాన్లు, యాంజియోలు చూసి సీలియాక్ ట్రంక్ 89.1 శాతం మందిలో మామూలుగా ఉందని చెప్పింది. దాన్ని పై అంకెలతో పోల్చకండి. అది కాండం ప్రశ్న, ఇవి కాలేయం కొమ్మల ప్రశ్న. కాండం చక్కగా మూడు కొమ్మలతో ఉండి కూడా కుడి హెపాటిక్ ఎస్‌ఎంఏ నుంచి రావచ్చు. మన పనికి కావలసిన ముక్క ఒక్కటే: పది మందిలో కనీసం ఇద్దరిలో తేడా ఉంటుంది.

ఒక లోబ్‌కు వెళ్లాల్సిన ధమని మామూలు చోట లేకుండా వేరే చోటు నుంచే వస్తే రీప్లేస్డ్ అంటాం. మామూలుదీ ఉండి, ఇంకొకటి కూడా వస్తే యాక్సెసరీ. యాక్సెసరీ అన్నారు కదా, కట్టేసినా ఫరవాలేదు అనుకోవద్దు. కాలేయంలో ఒక్కో సెగ్మెంట్‌కు దాని ధమని దానిదే. ఆ అదనపు కొమ్మ రెండో సెగ్మెంట్‌కు ఏకైక ఆధారం కావచ్చు. నిజమే, కాలేయ ముఖద్వారం దగ్గర కుడి ఎడమల మధ్య సన్నటి దారులు ఉంటాయి, ఒకటి మూసుకుంటే అవి కొన్నాళ్లలో తెరుచుకుంటాయి. కాలేయానికి అందే రక్తంలో నాలుగింట మూడు వంతులు ఎలాగూ పోర్టల్ సిరే ఇస్తుంది. అందుకే చాలామంది తట్టుకుంటారు. సిర్రోసిస్ ఉన్నవాళ్లు, కామెర్లతో ఉన్నవాళ్లు, పోర్టల్ సిర మూసుకున్నవాళ్లు తట్టుకోరు. పిత్తనాళాల సంగతి మరీ కష్టం. వాటికి పోర్టల్ సిర నుంచి ఏమీ అందదు, పూర్తిగా ధమని మీదే బతుకుతాయి.

ముందు ఎడమ దారి చూద్దాం. లెఫ్ట్ గ్యాస్ట్రిక్ పైకి ఎగసి, జీర్ణాశయం మొదలు దగ్గర వంపు తిరిగి, లెస్సర్ కర్వేచర్, అంటే జీర్ణాశయపు కుడి అంచు, వెంబడి దిగుతుంది. ఆ వంపు దగ్గర నుంచే ఎడమ హెపాటిక్ విడిపోయి, జీర్ణాశయాన్ని కాలేయానికి కలిపే పొర లెస్సర్ ఒమెంటం పై భాగంలో అడ్డంగా సాగి, కాలేయం అడుగున ఉన్న లిగమెంటం వీనోసం పగులులో దూరి, ఎడమ లోబ్ చేరుతుంది. ఈ దారిలో ఎవరెవరు కత్తెర పెడతారో ఆలోచించండి. జీర్ణాశయం క్యాన్సర్‌కు డీ2 గ్యాస్ట్రెక్టమీ, అంటే చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులతో సహా జీర్ణాశయం తీసే ఆపరేషన్, చేసేవాళ్లు ఏడో నంబరు గ్రంథుల కోసం లెఫ్ట్ గ్యాస్ట్రిక్‌ను మొదట్లోనే కడతారు. ఫండోప్లికేషన్, గ్యాస్ట్రిక్ బైపాస్ చేసేవాళ్లు లెస్సర్ ఒమెంటం తెరుస్తారు. పల్చటి భాగం తెరిచినంతసేపూ ఏమీ కాదు, పై మందపాటి భాగంలోకి వేడితో కోసే ఎనర్జీ పరికరం పోయినప్పుడే ప్రమాదం. అక్కడే వేగస్ నరపు హెపాటిక్ కొమ్మ కూడా పక్కపక్కనే సాగుతుంది.

గ్యాస్ట్రెక్టమీలో ఈ ధమని కనిపిస్తే ఏం చేయాలి? ముందు లావు చూడండి. వెంట్రుకలాంటి కొమ్మ గురించి కంగారు అక్కర్లేదు. బాగా లావుగా ఉంటే లెఫ్ట్ గ్యాస్ట్రిక్ కాండం చుట్టూ ఉన్న గ్రంథులను ఒలిచి, హెపాటిక్ కొమ్మ విడిపోయిన చోటు దాటాక మాత్రమే కట్టండి. సమయం పడుతుంది కానీ గ్రంథులూ వస్తాయి, కాలేయమూ దక్కుతుంది. గ్రంథులు ధమనికి అతుక్కుపోయి వదిలేట్టు లేకపోతే, బుల్‌డాగ్ క్లాంప్ పెట్టి ఎడమ లోబ్ అంచు రంగు చూడండి. కొన్ని నిమిషాల్లో నీలిరంగుకు తిరిగి, ఎంతకీ మారకపోతే కట్టేయడం మానాలి. ఇవేవీ చూడకుండా కట్టేసినప్పుడు మర్నాడు కాలేయం దెబ్బను చూపే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఎక్కువమందిలో వారంలో దిగుతాయి, కొందరిలో ఎడమ లోబ్ కుళ్లి చీము పడుతుంది.

ప్రింగిల్ పద్ధతి కూడా ఇక్కడే విఫలమవుతుంది. గ్లాస్గోలో పనిచేసిన ప్రింగిల్ 1908లో చెప్పిన ఉపాయం అది. కాలేయం చిట్లి రక్తం కారుతుంటే హెపటోడుయోడినల్ లిగమెంట్‌ను పట్టి నొక్కితే ధమని, పోర్టల్ సిర రెండూ మూసుకుంటాయి. కానీ ఎడమ హెపాటిక్ ఆ లిగమెంట్‌లో లేదు కదా. పెద్దకాలువ తూము దించినా పొలంలోకి పక్క బోదె నుంచి నీళ్లు వస్తూనే ఉన్నట్టు, ఎడమ లోబ్ గాయం లోంచి ఎర్రటి రక్తం వస్తూనే ఉంటుంది. అప్పుడు క్లాంప్ సరిగ్గా పడలేదని మళ్లీ మళ్లీ బిగిస్తూ కూర్చోకుండా లెస్సర్ ఒమెంటం పైభాగాన్ని కూడా పట్టుకోవాలి. అయినా రక్తం ఆగకపోతే హెపాటిక్ సిరలనో, అవి కలిసే పెద్ద సిర ఐవీసీనో అనుమానించాలి. నల్లటి రక్తమైతే మొదటే అనుమానించాలి.

ఇక కుడి దారి. మోసం ఎక్కువగా చేసేది ఇదే. ఎస్‌ఎంఏ మొదటి కొద్ది సెంటీమీటర్లలోనే కుడి హెపాటిక్ పుట్టి, క్లోమం తలకాయ వెనక నుంచి, ఒక్కోసారి దాని కండలోంచే, కుడికి వస్తుంది. పోర్టల్ సిర వెనకగా సాగి, పిత్తనాళానికి వెనక కుడి పక్కన పైకెక్కి, గాల్‌బ్లాడర్ నాళానికీ కాలేయానికీ మధ్య ఉన్న కాలోట్ త్రికోణంలోకి ప్రవేశిస్తుంది. అంటే మామూలు ధమని లిగమెంట్‌లో ముందు ఎడమన ఉంటే, ఇది పూర్తిగా ఎదురు మూలలో ఉంటుంది. దీన్ని వేలితో పసిగట్టవచ్చు. రోగి కుడి పక్క నిలబడి, ఎడమ చూపుడువేలు లిగమెంట్ వెనక ఉన్న విన్స్‌లో రంధ్రంలో పెట్టి, బొటనవేలు ముందు ఆనించి లిగమెంట్‌ను మెల్లగా పట్టుకోండి. నాడి బొటనవేలికి, ఎడమ వైపు తగలాలి. వెనక కుడి అంచున చూపుడువేలికి కొట్టుకుంటే ఎస్‌ఎంఏ నుంచి వచ్చే కుడి హెపాటిక్ ఉన్నట్టే. ముందు నాడి అసలే లేక, వెనక మాత్రమే ఉంటే కామన్ హెపాటిక్ మొత్తంగా ఎస్‌ఎంఏ నుంచి వస్తోందేమో చూడాలి. ఒక క్షణం కూడా పట్టని పని ఇది. లాప్రోస్కోపీలో, రోబోలో వేలు పెట్టడం కుదరదు కాబట్టి అక్కడ ముందుగా సీటీ చదవడమే దిక్కు.

విపుల్ ఆపరేషన్‌లో, అంటే క్లోమం తలను చిన్నపేగు మొదలుతో కలిపి తీసేటప్పుడు, ఈ ధమని రెండు చోట్ల తెగుతుంది. మొదటిది, పిత్తనాళాన్ని కోసేటప్పుడు. నాళం వెనక వేలు పోనిచ్చి ఒక్క కోతలో కోసే అలవాటు ఉన్నవాళ్లకు నాళంతో పాటు ఇదీ తెగుతుంది. నాళం చుట్టూ స్టెంట్ వల్ల వాచి గట్టిపడి ఉంటే మరీ. రెండోది, క్లోమం తల కింద కొక్కెంలా ఉండే అన్సినేట్ భాగాన్ని ఎస్‌ఎంఏ నుంచి విడదీసేటప్పుడు. ఇక్కడ క్లోమం తలకు పోయే ఇన్ఫీరియర్ పాంక్రియాటికోడుయోడినల్ కొమ్మ అనుకుని దీన్నే కట్టేస్తారు. అందుకే చాలామంది ముందు ఎస్‌ఎంఏను బయటపెట్టి, దాని కుడి పక్క నుంచి పైకి పోయే కొమ్మ ఏదైనా ఉందా అని చూసి, ఉంటే దానికి రబ్బరు స్లింగ్ వేసి, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెడతారు.

తెగితే నష్టం కాలేయానికి మాత్రమే కాదు. పిత్తనాళానికి రక్తం ఎక్కువ భాగం కింద నుంచి, గ్యాస్ట్రోడుయోడినల్ వైపు నుంచి వస్తుంది, మిగతాది పై నుంచి, ముఖ్యంగా కుడి హెపాటిక్ నుంచి. విపుల్‌లో గ్యాస్ట్రోడుయోడినల్‌ను ఎలాగూ కడతాం. ఇప్పుడు కుడి హెపాటిక్ కూడా పోతే, పేగుకు కుట్టిన పిత్తనాళపు కొసకు రక్తమే ఉండదు. వారంలో పిత్తం కారుతుంది, కారకుండా నిలిస్తే కొన్ని నెలలకు సన్నబడిపోతుంది. కాబట్టి తెగిందని తెలిసిన వెంటనే అతకాలి. కొసలు దగ్గరగా వస్తే నేరుగా కుట్టడం, రాకపోతే గ్యాస్ట్రోడుయోడినల్ మొదలుకు తిప్పి కలపడం. అందుకని గ్యాస్ట్రోడుయోడినల్ కట్టేటప్పుడు కాస్త పొడవు ఉంచి కట్టే అలవాటు మంచిది. కణితే ఆ ధమనిని పట్టేసిందని సీటీలో ముందే తెలిస్తే, ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు కాయిల్ పెట్టి మూసేసి పక్క దారులు తెరుచుకునేలా చేసే కేంద్రాలూ ఉన్నాయి.

తేడా ఎప్పుడూ శత్రువే అనుకోకండి. కాలేయ ముఖద్వారంలో పిత్తనాళం క్యాన్సర్ వచ్చినప్పుడు మామూలు కుడి హెపాటిక్ నాళం వెనకగా పోతుంది కాబట్టి కణితికి తొందరగా చిక్కుతుంది. లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి వచ్చే ఎడమ హెపాటిక్ ఆ ముఖద్వారానికి దూరంగా వేరే గుమ్మం గుండా లోపలికి పోతుంది కనక, కుడి భాగం తీసేసి ఎడమ భాగం మిగిల్చే అవకాశం దక్కుతుంది.

ఇక సీటీ. బాగా తీసిన సీటీ ఉంటే పైన చెప్పినవాటిలో చాలావరకు ముందే తెలుస్తాయి. నోటి ద్వారా తెల్లటి కాంట్రాస్ట్ ఇవ్వకండి, నీళ్లు తాగించండి. తెల్ల కాంట్రాస్ట్ పక్కన సన్నటి ధమని కనబడదు. మోచేతి సిరలో 18 గేజ్ కాన్యులా, సెకనుకు 4 నుంచి 5 మిల్లీలీటర్ల వేగం. వార్డు నుంచి చేతి వెనక 22 గేజ్‌తో పంపించేస్తే ఆ వేగం తట్టుకోదు, ధమని దశ పలచబడుతుంది. బోలస్ ట్రాకింగ్, అంటే మందు ధమనిలోకి చేరడం చూసి స్కాన్ మొదలుపెట్టే పద్ధతి, పెట్టి ధమని దశ, ఆ తర్వాత 60, 70 సెకన్ల దగ్గర పోర్టల్ దశ తీయాలి. ముక్కల మందం ఒక మిల్లీమీటరు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. మన దగ్గర రోగులు సంచిలో తెచ్చే ఫిల్ములు తరచు 5 మిల్లీమీటర్ల ముక్కలవి. రెండు మిల్లీమీటర్ల ధమని వాటిలో కనబడలేదంటే లేదని కాదు. సీడీ అడగండి, సన్న ముక్కలు తెరిచి చూడండి.

చదివేటప్పుడు రంగురంగుల త్రీడీ బొమ్మతో మొదలుపెట్టొద్దు. అది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సన్నటి కొమ్మలను మాత్రం మింగేస్తుంది. అడ్డ ముక్కల్లోనే రెండు చోట్లు చూడండి. ఒకటి, లిగమెంటం వీనోసం పగులు. మామూలుగా అక్కడ కొవ్వు తప్ప చెప్పుకోదగ్గ ధమని ఉండదు. తెల్లటి గీత కనిపిస్తే ఎడమ హెపాటిక్ లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి వస్తోంది. రెండు, పోర్టల్ సిరకూ ఐవీసీకీ మధ్య ఉన్న సందు. మామూలుగా అక్కడా ధమని ఉండదు. ఉంటే, అది ఎస్‌ఎంఏ నుంచి వచ్చే కుడి హెపాటిక్కో, కామన్ హెపాటిక్కో అయి ఉంటుంది. ఆపైన కాలేయం లోపలి కొమ్మ దగ్గర నుంచి వెనక్కి, బృహద్ధమని దాకా వేలు పెట్టి లాగినట్టు వెంబడించండి. ముందు నుంచి వెళితే ఒక దారి దొరకగానే ఆగిపోతాం, రెండో దారి తప్పిపోతుంది. రిపోర్టులో మైకెల్స్ టైపు 3 అని రాసి వదిలేస్తే సర్జన్‌కు ఉపయోగం తక్కువ. ఎక్కడ పుట్టింది, పోర్టల్ సిరకు ముందా వెనకా, క్లోమం కండలోంచి పోతోందా, వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు, ఏ సెగ్మెంట్లకు పోతోంది, ఇవి రాయండి.

అదే సీటీలో నిలువు ముక్క ఒకటి తప్పక చూడాలి. మీడియన్ ఆర్క్యుయేట్ లిగమెంట్, అంటే డయాఫ్రమ్ కాళ్లను కలిపే నారపట్టీ, మామూలుగా సీలియాక్ పైన ఉంటుంది. కొందరిలో కిందికి జారి కాండం మొదట్లో నొక్కుతుంది. పక్క నుంచి చూస్తే కాండం కొక్కెంలా వంగి కనిపిస్తుంది. ఊపిరి వదిలినప్పుడు నొక్కుడు ఎక్కువ, పీల్చినప్పుడు తక్కువ. నొక్కుడు ఉన్నవాళ్లలో కాలేయానికి రక్తం ఎస్‌ఎంఏ నుంచి, క్లోమం తల చుట్టూ ఉన్న వలయాల గుండా, గ్యాస్ట్రోడుయోడినల్‌లో వెనక్కి ప్రవహించి చేరుతుంది. మనిషికి ఏ బాధా ఉండకపోవచ్చు. విపుల్‌లో ఆ గ్యాస్ట్రోడుయోడినల్‌ను కట్టేసిన మరుక్షణం కాలేయం, జీర్ణాశయం, ప్లీహం మూడింటికీ ధమని రక్తం పడిపోతుంది. అందుకే కట్టే ముందు దాన్ని క్లాంప్‌తో మూసి, హెపాటిక్ ధమని నాడి అలాగే ఉందో లేదో వేలితోనో డాప్లర్‌తోనో చూడటం నియమం. నాడి తగ్గితే లిగమెంట్‌ను కోసి సీలియాక్‌ను విడిపించి మళ్లీ చూడాలి. కొవ్వు పేరుకుని సన్నబడిన కాండమైతే లిగమెంట్ కోసినా లాభం ఉండదు, ముందే స్టెంట్ వేయించడమో బైపాస్ చేయడమో ఆలోచించాలి.

గాల్‌బ్లాడర్ ఆపరేషన్ దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. రోజూ ఎక్కువ చేసేది ఇదే, కానీ దీనికి అల్ట్రాసౌండ్ తప్ప సీటీ ఉండదు. తేడా ఉందో లేదో తెలియకుండానే కాలోట్ త్రికోణంలోకి దిగుతాం. ఎస్‌ఎంఏ నుంచి వచ్చిన కుడి హెపాటిక్ ఆ త్రికోణంలో సిస్టిక్ నాళానికి, అంటే గాల్‌బ్లాడర్ నాళానికి, సమాంతరంగా, గాల్‌బ్లాడర్ మెడకు అతి దగ్గరగా సాగుతుంది. మామూలు చోటు నుంచి వచ్చినది కూడా ఒక్కోసారి మెలితిరిగి గొంగళిపురుగు వీపులా ఉబికి త్రికోణంలోకి వస్తుంది. దాన్ని మోయినిహాన్ హంప్ అంటారు. అప్పుడు గాల్‌బ్లాడర్‌కు పోయే సిస్టిక్ ధమని మరీ పొట్టిగా ఉంటుంది. గాల్‌బ్లాడర్‌ను గట్టిగా లాగితే హెపాటిక్ ధమనే పైకి లేచి సిస్టిక్ ధమనిలా నటిస్తుంది.

సిస్టిక్ ధమని అనుకున్నది లావుగా, 3 మిల్లీమీటర్ల పైన ఉంటే చేయి ఆపండి. దాన్ని వెంబడించండి. గాల్‌బ్లాడర్ గోడ మీదికి పోయి అక్కడే కొమ్మలైతే సరే. వంపు తిరిగి కాలేయం వైపు పోతే అది కుడి హెపాటిక్. క్లిప్ ఎప్పుడూ గాల్‌బ్లాడర్ గోడకు ఆనుకునే వేయాలి, నాళం దగ్గర కాదు. 1995లో స్ట్రాస్‌బర్గ్ చెప్పిన క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ ఇక్కడ ధమనికి కూడా రక్ష: త్రికోణంలోని కొవ్వు, నారలు పూర్తిగా తీయాలి, గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు కాలేయం నుంచి విడిపోవాలి, గాల్‌బ్లాడర్‌లోకి పోయేవి రెండే రెండు కనబడాలి. సిస్టిక్ ధమనులు రెండున్నవాళ్లలో ఆ లెక్క మూడవుతుంది, వాళ్లు అరుదేమీ కాదు. అప్పుడు మూడోదాని గమ్యం కూడా చూశాకే క్లిప్. ఇంకో తేడా, గ్యాస్ట్రోడుయోడినల్ నుంచి వచ్చే సిస్టిక్ ధమని త్రికోణంలో ఉండదు. సిస్టిక్ నాళానికి దిగువనే, అందరికంటే ముందు ఎదురవుతుంది. కొవ్వు అనుకుని హుక్‌తో కాల్చారా, రక్తంతో తెర మొత్తం ఎర్రబడుతుంది.

రక్తం చిమ్మినప్పుడు క్లిప్ అప్లయర్ అడగకండి. గాజుగుడ్డ ముక్కతోనో, గాల్‌బ్లాడర్‌నే దాని మీదికి వంచో అయిదు నిమిషాలు గడియారం చూసి నొక్కిపట్టండి. ఆ తర్వాత సక్షన్‌తో మెల్లగా తెరిచి, కొసను పట్టుకోగలిగితేనే క్లిప్. కనబడకపోతే పొట్ట తెరవండి. పిత్తనాళానికి పెద్ద గాయాలైనప్పుడు పక్కనే కుడి హెపాటిక్‌కు కూడా క్లిప్ పడి ఉండటం తరచు చూసే సంగతి. రక్తంలో గుడ్డిగా వేసిన క్లిప్‌లే అందులో చాలా.

క్లోమం తోక వైపు ఆపరేషన్లలో తప్పు మరోలా ఉంటుంది. స్ప్లీనిక్ ధమని పుట్టుకలో పెద్దగా మారదు, కానీ క్లోమం పై అంచున మెలికలు మెలికలుగా పోతుంది. లాప్రోస్కోపీలో ఆ మెలికల మధ్య కామన్ హెపాటిక్‌నే స్ప్లీనిక్ అనుకుని కట్టినవాళ్లున్నారు. స్టేప్లర్ పేల్చే ముందు క్లాంప్ పెట్టి హెపాటిక్ నాడి చూస్తే సరిపోతుంది.

క్యాథ్ ల్యాబ్‌లో కాలేయ కణితికి టేస్, అంటే ధమని గుండా మందు ఇచ్చి ఆ కొమ్మను మూసే చికిత్స, చేసేవాళ్లకు తేడా తెలియకపోతే రెండు రకాల నష్టం. ఒకటి, మందు కణితికి చేరదు. సీలియాక్‌లో డై వేస్తే కుడి లోబ్‌లో పెద్ద భాగం ఖాళీగా కనిపించిందంటే, ఆ భాగానికి రక్తం వేరే చోటు నుంచి వస్తోందన్నమాట. ఎస్‌ఎంఏలోనూ డై వేయాలి, అక్కడా లేకపోతే డయాఫ్రమ్‌కు పోయే కుడి ఇన్ఫీరియర్ ఫ్రెనిక్ చూడాలి. డయాఫ్రమ్ కింద ఉన్న పెద్ద కణితులు దాని నుంచి రక్తం లాక్కుంటాయి. రెండో నష్టం, మందు వెళ్లకూడని చోటికి వెళ్లడం. జీర్ణాశయానికి పోయే రైట్ గ్యాస్ట్రిక్ ఒక్కోసారి ఎడమ హెపాటిక్ నుంచి పుడుతుంది, ఎడమ హెపాటిక్కే లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి వస్తే ప్రమాదం ఇంకా దగ్గర. మందు వెనక్కి పొంగితే జీర్ణాశయంలో మానని పుండు పడుతుంది. మైక్రోక్యాథెటర్‌ను ఆ కొమ్మ దాటించి ముందుకు తీసుకెళ్లడం, కుదరకపోతే ఆ కొమ్మను ముందే కాయిల్‌తో మూయడం. రేడియోధార్మిక గుళికలు పంపే వై-90 చేసేటప్పుడు ఈ జాగ్రత్త రెట్టింపు.

చివరిగా కాలేయ మార్పిడి. ధమని మూసుకుపోతే కొత్త కాలేయపు పిత్తనాళాలు కుళ్లిపోతాయి, తరచు మళ్లీ మార్పిడి తప్ప గతి ఉండదు. బతికున్న దాత నుంచి కుడి భాగం తీసేటప్పుడు ఎస్‌ఎంఏ నుంచి వచ్చే కుడి హెపాటిక్ ఉంటే నిజానికి వరం, పొడవైన ఒకే గొట్టం దొరుకుతుంది. అక్కడ భయపడాల్సింది నాలుగో సెగ్మెంట్ ధమని కుడి హెపాటిక్ నుంచి పుట్టినప్పుడు. అది విడిపోయే చోటు దాటాకే కోయాలి, లేకపోతే దాతకు మిగిలే భాగమే దెబ్బతింటుంది.

మరణానంతర దానంలో, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా జరిగే వాటిలో లాగా, దాత దగ్గర తీరిగ్గా చేసిన సీటీ ఉండకపోవచ్చు. అవయవం తీయడానికి వెళ్లిన బృందం పొట్ట తెరవగానే లెస్సర్ ఒమెంటం పైభాగం చూసి, విన్స్‌లో రంధ్రంలో వేలు పెట్టి నాడి చూడాలి. అప్పటిదాకా ఏదీ కోయకూడదు. ఎడమ హెపాటిక్ లెఫ్ట్ గ్యాస్ట్రిక్ నుంచి వస్తే, జీర్ణాశయానికి పోయే కొమ్మలు మాత్రమే కట్టి, లెఫ్ట్ గ్యాస్ట్రిక్‌ను సీలియాక్‌తో, బృహద్ధమని ముక్కతో సహా తీసుకోవాలి. అప్పుడు వేరే అతుకు అక్కర్లేదు. కుడి హెపాటిక్ ఎస్‌ఎంఏ నుంచి వస్తే ఎస్‌ఎంఏ మొదలును కూడా కాలేయంతోనే ఉంచి, మంచు గిన్నెలో పెట్టి దాన్ని స్ప్లీనిక్ మొదలుకో గ్యాస్ట్రోడుయోడినల్ మొదలుకో సన్నటి ప్రొలీన్ దారంతో కలపాలి. అతికేటప్పుడు మెలిక పడకుండా హెపారిన్ కలిపిన సెలైన్ ఎక్కించి ధమని సహజంగా ఎటు వాలుతోందో చూసుకుంటారు. క్లోమాన్ని కూడా వేరే బృందం తీసుకుంటుంటే, ఈ ధమని దాని తలలోంచే పోతోందా లేదా అన్నది కోత మొదలయ్యే ముందే రెండు బృందాలూ కలిసి చూసుకోవాలి. ఎలాగైనా దాత కటి భాగంలోని ఇలియాక్ ధమని ముక్క ఒకటి, సిర ముక్క ఒకటి కోసి అదే పెట్టెలో పంపాలి. ధమని పొడవు చాలనప్పుడు అతుక్కి వాడేది దాన్నే.